టైంటేబుల్ ఎందుకు మొండికేసింది?

పోయిన నెల నీరు గడ్డకట్టడం గురించి రాస్తూ చివర్లో ఒక వాక్యం వదిలాను: కంప్యూటర్ చేసే కష్టమైన లెక్కలు కూడా ఇలాగే ఒక్కసారిగా గడ్డకడతాయి, అని. స్థలం అయిపోయి వివరించలేదు. అందుకు శిక్ష ఈ నెల పడింది. హనుమకొండలో మా గేటుకున్న డబ్బా పట్టనన్ని ఉత్తరాలు వచ్చాయి. అందుకని వేరే ప్రశ్నలన్నీ వచ్చే నెలకు నెట్టేసి, ఆ ఒక్క వాక్యం మీద వచ్చినవే తీసుకున్నాను.

ల్యాప్‌టాప్ ఎక్కువ పని చేస్తే వేడెక్కుతుంది కదా మేడమ్. ఉష్ణానికీ లెక్కల కష్టానికీ సంబంధమంటే అదేనా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాజీపేట

కాదు నాయనా. అది వేరే కథ. ఒక బిట్ సమాచారాన్ని చెరిపేయాలంటే కనీసం ఇంత శక్తి వేడిగా పోవలసిందేనని 1961లో రోల్ఫ్ లాండవర్ చెప్పాడు. గది ఉష్ణోగ్రత దగ్గర అది ఒక జౌల్‌లో కోటి కోట్ల కోట్ల వంతుకు సుమారు మూడు రెట్లు, అంతే. నీ ల్యాప్‌టాప్ వేడికి కారణం తీగల్లోనూ ట్రాన్సిస్టర్లలోనూ వృథా అయ్యే విద్యుత్తు. నేను చెప్పిన ఉష్ణోగ్రత లెక్కలోపల ఉంటుంది, పెట్టెలో కాదు.

అయితే అసలు సంబంధం ఏమిటో మాకు తెలిసిన ఉదాహరణతో చెప్పండి.
– జూనియర్ కళాశాల అధ్యాపకుడు, జనగామ

మీరు అధ్యాపకులు కాబట్టి ఈ బాధ మీకు తప్పకుండా తెలిసి ఉంటుంది. నేను పనిచేసిన కాలేజీలో పదకొండేళ్లు పరీక్షల టైంటేబుల్ నా మెడకే చుట్టారు. ప్రతి సబ్జెక్టుకు ఒక అట్టముక్క. ఒకే విద్యార్థి రాయవలసిన రెండు పరీక్షలు ఒకే పూట పడకూడదు. ఉన్నవి ఆరు పూటలు.

మొదట్లో గ్రూపులు కచ్చితంగా ఉండేవి. ఎంపీసీ వాళ్లు వాళ్ల మూడు, బీజడ్సీ వాళ్లు వాళ్ల మూడు. భోజన విరామంలో ముక్కలు సర్దేసి టీ తాగేదాన్ని. ఎలా సర్దినా కుదిరేది. తర్వాత కొందరికి ఇష్టమైన సబ్జెక్టు మార్చుకునే వీలు ఇచ్చారు. ఢీకొనే జతలు కొన్ని పెరిగాయి, అంతే. ఆ ఏడాది మూడు రాత్రులు నిద్ర లేదు. ఒకచోట సరిచేస్తే నాలుగు ముక్కల అవతల చెడేది. కుదురుతుందని చెప్పలేను, కుదరదనీ చెప్పలేను. ఆ మరుసటి ఏడాది మార్పులు ఇంకా పెరిగాయి. ఈసారి పది నిమిషాలు పట్టింది. ఏడు సబ్జెక్టులు ఒకదానితో ఒకటి అన్నీ ఢీకొంటున్నాయని కంటికే కనిపించింది. ఆరు పూటల్లో ఏడు ఎలా పడతాయి? వెళ్లి ఇంకో రోజు కావాలని అడిగాను. అప్పటి ప్రిన్సిపాల్ నన్ను చూసి, పోయినేడు బద్ధకించి ఈ ఏడు చురుగ్గా చేశారన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నేను రెండేళ్లూ ఒకేలా పనిచేశాను. మారింది లెక్క.

ఆయనకు నేను చెప్పలేకపోయినదాన్ని 1991లో చీజ్‌మన్, కనెఫ్‌స్కీ, టేలర్ అనే ముగ్గురు రాశారు. నా అట్టముక్కల ఆటను వాళ్లు గ్రాఫుకు రంగులు వేయడం అంటారు. షరతులు తక్కువైతే సులువు, మరీ ఎక్కువైతే కుదరదని తేల్చడం సులువు, రెంటి మధ్య ఇరుకు పట్టీలోనే కష్టమంతా పోగుపడి ఉంటుంది. ఆ మరుసటేడు మిచెల్, సెల్మన్, లెవెస్క్ దీన్ని త్రీ-శాట్ అనే లెక్క మీద కొలిచి చూపారు. త్రీ-శాట్ అంటే ఇది: చాలా స్విచ్‌లు ఉన్నాయి. ఒక్కో షరతు మూడు స్విచ్‌ల పేర్లు చెప్పి, "ఇది వేసి ఉండాలి, లేదా అది ఆపి ఉండాలి, లేదా మూడోది వేసి ఉండాలి" అంటుంది. మూడింటిలో ఒక్కటి నెగ్గినా ఆ షరతు తృప్తిపడుతుంది. అన్ని షరతులనూ ఒకేసారి తృప్తిపరచే అమరిక ఉందా? ఎన్పీ-సంపూర్ణమని 1971లో స్టీఫెన్ కుక్ నిరూపించిన లెక్కల కుటుంబంలోదే ఇది. దొరికిన సమాధానాన్ని సరిచూడటం సులువు, వెతకడానికి అన్ని సందర్భాల్లోనూ పనిచేసే చురుకైన దారి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.

షరతులను యాదృచ్ఛికంగా పోగేస్తూ పోతే, స్విచ్‌కు 4 షరతుల చొప్పున ఉన్నప్పుడు దాదాపు ప్రతిసారీ సమాధానం ఉంటుంది. 4.5 చొప్పున ఉంటే దాదాపు ఎప్పుడూ ఉండదు. స్విచ్‌ల సంఖ్య పెంచేకొద్దీ ఈ మార్పు ఇంకా నిటారుగా నిలుస్తుంది. భౌతికశాస్త్రవేత్తల లెక్కలో ఆ అంచు 4.267. సున్నా డిగ్రీల దగ్గర నీళ్లకు జరిగేదే ఇక్కడ షరతులకు జరుగుతోంది.

ఇది ఉపమానం మాత్రమే అయితే నేను రాసేదాన్ని కాదు. తెగిన ప్రతి షరతుకూ ఒక యూనిట్ శక్తి అని రాసుకోండి. అన్నీ కుదిరిన అమరిక సున్నా శక్తి ఉన్న స్థితి అవుతుంది, అంటే పదార్థం పూర్తిగా చల్లబడ్డాక చేరవలసిన స్థితి. సమాధానాల సంఖ్యకు లాగరిథమ్ తీస్తే అది ఎంట్రోపీ, అంటే భౌతికశాస్త్రంలో అస్తవ్యస్తతకు కొలత. వియన్నా శ్మశానంలో బోల్ట్‌జ్‌మన్ సమాధి మీద చెక్కి ఉన్న సూత్రం అక్షరాలా ఇదే. నా టైంటేబుల్‌కైతే భౌతికశాస్త్రంలో పేరు కూడా ఉంది: పాట్స్ నమూనా. పొరుగువాళ్లు ఒకే రంగులో ఉంటే శక్తి పెరిగే రకం. రెండు శాస్త్రాలూ ఒకే సమీకరణాన్ని రెండు లిపుల్లో రాసుకుంటూ చాలాకాలం ఒకదాన్ని ఒకటి గుర్తుపట్టలేదు.

సమాధానాలు లక్షల్లో ఉండి కూడా కంప్యూటర్‌కు ఒక్కటీ దొరకకపోవడం ఎలా సాధ్యం?
– రైతు, డిగ్రీ చదివినవారు, నర్సంపేట

మీకు పాకాల చెరువు దగ్గరే కదా, దాన్నే తలచుకోండి. వానాకాలం చివర నిండుగా ఉన్నప్పుడు చేప ఈ చివర నుంచి ఆ చివరకు ఎటు తిరిగీ చేరగలదు. చిన్న చెరువైతే ఎండాకాలంలో ఏమవుతుంది? నీరు దిగేకొద్దీ మిట్టలు తేలి, ఒక్క చెరువు కాస్తా విడివిడి మడుగులవుతుంది. నీరు ఇంకా ఉంటుంది, చేపలూ ఉంటాయి, కానీ ఒక మడుగులోది ఇంకో మడుగుకు పోలేదు. చివరికి అవీ ఎండుతాయి.

నీరంటే సమాధానాలు, ఎండ అంటే షరతులు. త్రీ-శాట్‌లో 4.267 దగ్గర చెరువు పూర్తిగా ఎండుతుంది. కానీ అంతకు చాలా ముందే, సుమారు 3.86 దగ్గరే, మడుగులుగా విడిపోతుందని భౌతికశాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఒక సమాధానం నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే ఒకటి రెండు స్విచ్‌లు మారిస్తే చాలదు, ఒక్కసారే చాలావాటిని తిరగేయాలి. ఒక్కొక్క స్విచ్ మారుస్తూ నడిచే ప్రోగ్రామ్ మిట్టల మీద చిక్కుకుని, కొద్దిగా మాత్రమే తప్పున్న బురదగుంటనే చెరువనుకుని ఆగిపోతుంది. ఆ మూడు రాత్రులూ నేను చేసిన పని అదే.

మడుగులు విడిపోగానే ఈత అసాధ్యమని కూడా అనుకోవద్దు. 2002లో మార్క్ మెజార్, జార్జియో పారిసీ, రికార్డో జెకినా మడుగుల ఉనికినే ఆధారంగా చేసుకుని కొత్త పద్ధతి తయారుచేశారు. ఈ స్విచ్ ఎలా ఉండాలని అడగడం మాని, ఎన్ని మడుగుల్లో ఇది కదలకుండా బిగుసుకుని ఉందని అడుగుతుంది ఆ పద్ధతి. బాగా బిగుసుకున్నదాన్ని ముందు ఖాయం చేసి, మిగిలిన చిన్న లెక్క మీద మళ్లీ అదే పని. స్విచ్‌కు 4.2 షరతుల దగ్గర, 10 లక్షల స్విచ్‌లున్న లెక్కలు కూడా దీనికి లొంగాయి. అయస్కాంతాల మీద పనిచేసేవాళ్లు వచ్చి కంప్యూటర్ వాళ్ల లెక్క చేసిపెట్టడం నాకు భలే ముచ్చటగా అనిపించింది. భౌతికశాస్త్రం చెప్పి బతికినదాన్ని, ఆ మాత్రం పక్షపాతం ఉంటుంది.

స్పిన్ గ్లాస్ అంటే అద్దమా? ఇంటి భాషలో చెబితే అర్థమవుతుంది.
– గృహిణి, కరీంనగర్

అద్దం కాదమ్మా. బంగారంలో కొద్దిగా ఇనుము కలిపిన మిశ్రమం లాంటిది. మీ ఊళ్లో వెండి తీగ పని చేసేవాళ్లకు కల్తీ దోషం, ఇక్కడ కల్తీయే కథ. ఆ ఇనుము అణువులు ఒక్కొక్కటి ఒక చిన్న అయస్కాంతం. మధ్య దూరాన్ని బట్టి కొన్ని జతలు ఒకే దిక్కు చూడాలనుకుంటాయి, కొన్ని ఎదురు దిక్కులు చూడాలనుకుంటాయి. చల్లబరిస్తే అందరికీ నచ్చిన అమరిక దొరకక ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. గాజులో అణువులు అస్తవ్యస్తంగా బిగుసుకున్నట్టే కాబట్టి ఆ పేరు.

ఇంటి భాష అన్నారు కదా. మా అమ్మాయి పెళ్లిలో భోజనాలకు రెండు పంక్తులు వేశాం. మా పెద్దాడపడుచుకూ మా తోటికోడలికీ పొలం గట్టు దగ్గర మాటలు లేవు. ఇద్దరినీ చెరో పంక్తిలో కూర్చోబెట్టాలి. మా మేనత్తకూ మా చిన్నమ్మకూ ప్రాణం ప్రాణం, ఒకే పంక్తి కావాలి. ఇంతవరకూ బాగానే ఉంది. మా వియ్యపురాలు వచ్చారు. ఆమెకు మా ఆడపడుచుతోనూ పడదు, తోటికోడలితోనూ పడదు. ముగ్గురు, ఒకరికొకరు పడనివాళ్లు, పంక్తులు రెండే. ఎలా కూర్చోబెట్టినా ఒక జత మూతి ముడవక తప్పదు. ఈ ఇరకాటమే స్పిన్ గ్లాస్‌కు ప్రాణం. ఒక్కొక్క త్రిభుజంలో ఎవరో ఒకరు నొచ్చుకోవలసిందే అయినప్పుడు, మొత్తం మీద అతి తక్కువ మంది నొచ్చుకునే అమరిక ఏది? 30 మంది చుట్టాలకు అమరికలు 107 కోట్లు దాటతాయి. 40 మందికి లక్ష కోట్లు దాటతాయి.

పడనివాళ్ల జాబితా మాత్రమే తీసుకుని, ఒకే పంక్తిలో పడే పడని జతలు అతి తక్కువయ్యేలా వాళ్లను రెండు పంక్తులకు విడగొట్టమంటే, అది 1972లో రిచర్డ్ కార్ప్ ఇచ్చిన 21 కష్టమైన లెక్కల జాబితాలో ఒకటి. 1982లో ఫ్రాన్సిస్కో బరహోనా ఇంకో మంచి సంగతి నిరూపించాడు. అయస్కాంతాలు చదునైన గళ్ల చాప మీద పరిచినట్టుండి, బయటి అయస్కాంత క్షేత్రం లేకపోతే, అతి తక్కువ శక్తి స్థితిని త్వరగా కనుక్కోవచ్చు. దాని మీద ఇంకొక్క అంతస్తు వేయగానే లెక్క ఎన్పీ-కఠినం, అంటే కనీసం త్రీ-శాట్ అంత కష్టం, అవుతుంది. చుట్టాలు ఇరుగుపొరుగుతో మాత్రమే గొడవపడితే సర్దవచ్చు, పైమేడ వాళ్లతో కూడా పడితే ఇక దేవుడే దిక్కు.

ప్రతి అయస్కాంతమూ మిగతా అన్నిటితో తగువు పెట్టుకునే నమూనాను 1975లో షెరింగ్టన్, కర్క్‌పాట్రిక్ ఇచ్చారు. దాన్ని ఛేదించే దారి 1979లో పారిసీ కనుక్కున్నాడు. ఆయనకు 2021లో నోబెల్ వచ్చినప్పుడు చెప్పుకున్న పనుల్లో అది ముఖ్యమైనది. ఆ సూత్రం సరైనదేనని గణితశాస్త్రవేత్త మిషెల్ తలగ్రాన్ ఇచ్చిన నిరూపణ అచ్చయింది 2006లో. దారి తెలియడానికీ, అది దారేనని రుజువు కావడానికీ మధ్య పాతికేళ్లకు పైగా పట్టింది.

మా పెళ్లి సంగతి అడుగుతారేమో. వియ్యపురాలికి పెళ్లికొడుకు పక్కన వేరే బల్ల వేశాం. మూడో పంక్తి అన్నమాట.

కొలిమిలో ఇనుము చల్లార్చినట్టు లెక్కలు చల్లార్చే పద్ధతి ఉందని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా?
– లేత్ పనివారు, నిజామాబాద్

నిజమే. మీరు ఆ జిల్లా వారై ఉండి నన్ను అడుగుతున్నారు! ఒకప్పుడు మీ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు పశ్చిమాసియా కత్తుల దాకా పోయింది. ఎర్రగా కాల్చిన ఉక్కును నీళ్లలో ముంచితే గట్టిపడి పెళుసవుతుంది. బూడిదలో పెట్టి మెల్లగా చల్లారనిస్తే మెత్తబడుతుంది. అణువులకు తమ చోటు వెతుక్కునే తీరిక దొరకడమే తేడా.

1983లో కర్క్‌పాట్రిక్, జెలట్, వెక్కీ అనే ఐబీఎం వాళ్లు చిప్ మీద భాగాలను ఎక్కడెక్కడ పెట్టాలో తేల్చడానికి ఇదే వాడారు. అమరికను కొద్దిగా మార్చి చూడు. మెరుగైతే ఉంచు. చెడితే వెంటనే తోసేయకు, ఉష్ణోగ్రతను బట్టి అప్పుడప్పుడు ఒప్పుకో. రెండు షరతులు అదనంగా తెగే మార్పు వచ్చిందనుకోండి. ఉష్ణోగ్రత 10 ఉంటే అలాంటివి నూటికి 82 సార్లు ఒప్పుకుంటుంది. 1 ఉంటే నూటికి 13 లేదా 14 సార్లు. 0.2కు దించితే 22,000 సార్లలో ఒక్కసారి. వేడిగా ఉన్నప్పుడు మిట్టలు ఎక్కి దిగుతుంది, చల్లబడ్డాక ఉన్న పల్లంలో స్థిరపడుతుంది. చాలినంత మెల్లగా చల్లారిస్తే అత్యుత్తమ స్థితికే చేరుతుందన్న సిద్ధాంతం కూడా ఉంది. కానీ ఆ "చాలినంత మెల్లగా" అన్నది కొన్నిసార్లు అన్ని అమరికలూ ఒక్కొక్కటే చూసినదాని కన్నా ఎక్కువ కాలం. మీ అబ్బాయికి ఈ సగం కూడా చెప్పండి.

ఒప్పుకోవాలా వద్దా అన్న ఆ నియమం 1953 నాటిది. లాస్ అలమోస్‌లో మానియాక్ అనే యంత్రం మీద ద్రవాల లెక్క కోసం పుట్టింది. ఆ పత్రం మీద అయిదు పేర్లున్నాయి, వాడుకలో మాత్రం మొదటి పేరైన మెట్రోపోలిస్ ఒక్కటే మిగిలింది. యంత్రానికి ప్రోగ్రామ్ రాసింది ఏరియానా రోసెన్‌బ్లూత్. నేను పాఠం చెప్పినన్నాళ్లూ బోర్డు మీద ఆమె పేరు ముందు రాసేదాన్ని.

పోయిన నెల రెండు కొలతల ఐజింగ్ నమూనాను ఐజింగే ఛేదించాడని రాశారు. సరిచూసుకోండి.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, మంచిర్యాల

సరిచూసుకున్నాను, తప్పు నాదే. పైకో కిందికో మాత్రమే చూసే చిన్న అయస్కాంతాలు, పక్కవాటి ప్రభావానికి లోనయ్యేవి, వాటి నమూనాయే ఐజింగ్ నమూనా. ఐజింగ్ ఛేదించింది ఒక కొలత గొలుసును మాత్రమే. అందులో ఏ ఉష్ణోగ్రత దగ్గరా గడ్డకట్టడం లాంటిది జరగదు. రెండు కొలతల్లో జరుగుతుందని కచ్చితమైన లెక్కతో చూపింది లార్స్ ఆన్సాగర్, 1944లో. క్షమించండి మాస్టారూ.

అయితే పీ, ఎన్పీ సమస్యను భౌతికశాస్త్రం తేల్చేస్తుందా మేడమ్? పది లక్షల డాలర్లు మీవాళ్లకేనా?
– ఎంటెక్ విద్యార్థిని, వరంగల్

సమాధానాన్ని సరిచూడటం సులువైన ప్రతి లెక్కకూ, వెతికే చురుకైన దారి కూడా ఉందా అన్నదే పీ, ఎన్పీ ప్రశ్న. తేల్చినవాళ్లకు పది లక్షల డాలర్ల బహుమతి ఉంది. ఆ డబ్బు మీద ఆశ పెట్టుకోలేదమ్మాయ్. పక్షపాతం ఉందని చెప్పాను కదా, దానికి విరుగుడు కూడా నేనే చెబుతాను.

త్రీ-శాట్‌లో "లేదా" ఉన్నచోట చిన్న మార్పు చేద్దాం. మూడు స్విచ్‌లలో వేసి ఉన్నవాటి సంఖ్య సరి కావాలో బేసి కావాలో ఒక్కో షరతు చెబుతుంది. దీని పేరు ఎక్సార్-శాట్. ఇక్కడా మడుగులున్నాయి: స్విచ్‌కు సుమారు 0.818 షరతుల దగ్గర చెరువు విడిపోతుంది, 0.918 దగ్గర ఎండిపోతుంది. స్విచ్ స్విచ్‌గా వెతికే ప్రోగ్రామ్ ఇందులోనూ ఘోరంగా చిక్కుకుంటుంది. చిత్రపటం చూస్తే త్రీ-శాట్‌కు కవల అనిపిస్తుంది. కానీ ఈ షరతులన్నీ నిజానికి సరి-బేసి అంకగణితంలో రేఖీయ సమీకరణాలు. డిగ్రీలో నేర్చుకున్న గాస్ తొలగింపు పద్ధతితో ఒక్కొక్క చరరాశిని తీసేస్తూ పోతే సమాధానం నిమిషాల్లో వచ్చేస్తుంది. చేప ఈదలేని చోట మనం కట్ట మీద నడిచి వెళ్లిపోయాం.

కాబట్టి మడుగులు కనిపిస్తే, ఈదే పద్ధతులు అక్కడ అలసిపోతాయని చెప్పవచ్చు. కట్ట లేదని మాత్రం చెప్పలేం. పీ, ఎన్పీ ప్రశ్న అడుగుతున్నది సరిగ్గా ఆ కట్ట గురించే. పైగా అది అతి చెడ్డ సందర్భాన్ని గురించి అడుగుతుంది, మేము చెప్పేది యాదృచ్ఛికంగా పోగేసిన లెక్కల సగటు తీరు. 4.267 అనే అంకె కూడా భౌతికశాస్త్రపు లెక్కే, గణిత నిరూపణ కాదు. ఒక్కో షరతులో స్విచ్‌లు బాగా ఎక్కువగా ఉన్న లెక్కల విషయంలో భౌతికశాస్త్రం ఊహించిన అంచు సరైనదేనని డింగ్, స్లై, సన్ 2015లో నిరూపించారు. మూడు స్విచ్‌ల దగ్గర ఇంకా ఖాళీయే.

లెక్కపెట్టే లెక్కల్లో మాత్రం మాకు ఇంకాస్త గట్టి నేల దొరికింది. 2010లో అలన్ స్లై చూపింది ఇది: గ్రాఫులో పక్కపక్క బిందువులు రెండూ నిండకుండా ఎన్ని రకాలుగా నింపవచ్చో, ఒక్కో నిండిన బిందువుకు కొంత బరువిచ్చి లెక్కించాలనుకోండి. భౌతికశాస్త్రంలో దూరపు ప్రభావం చచ్చిపోకుండా నిలిచే ఒక అంచు ఉంది. ఆ అంచు దాటగానే, సుమారుగా లెక్కించడం కూడా కఠినమైపోతుంది. అంచుకు ఇవతలైతే త్వరగా లెక్కించే పద్ధతి 2006లో డ్రోర్ వైట్స్ ముందే ఇచ్చి ఉన్నాడు. ప్రావస్థ మారే (నీరు మంచైనట్టు తీరు మారే) చోటూ లెక్క మొండికేసే చోటూ ఒకటేనని నిరూపణతో సహా దొరికిన సందర్భమిది. నువ్వు ప్రాజెక్టుకు విషయం వెతుకుతుంటే ఇక్కడ మొదలుపెట్టు, పది లక్షల దగ్గర కాదు.

ఇదంతా నేను నా కంప్యూటర్ మీద చూడగలనా?
– డిగ్రీ విద్యార్థి, జగిత్యాల

చూడగలవు. 50 స్విచ్‌లు తీసుకో. ప్రతి షరతుకూ మూడు వేర్వేరు స్విచ్‌లను చీటీలు తీసినట్టు తీసి, ఒక్కొక్కటి వేసి ఉండాలో ఆపి ఉండాలో నాణెం ఎగరేసి నిర్ణయించు. 100 షరతులతో ఒక వంద లెక్కలు తయారుచేయి. తర్వాత 150, 200, 215, 230, 300, 400 షరతులతో వందేసి. ఒక స్విచ్‌కు విలువ ఇచ్చి, ఒక్క దారే మిగిలిన షరతులను వెంటనే తీర్చి, చెడితే వెనక్కి వచ్చే మామూలు ప్రోగ్రామ్ చాలు. ఎన్నిసార్లు వెనక్కి వచ్చిందో లెక్కపెట్టుకో. సగటు తీయకు, ఒకటి రెండు మొండి లెక్కలు దాన్ని పాడుచేస్తాయి. వందలో నడిమిది తీసుకో. 215 పరిసరాల్లో గుట్ట లేచి రెండువైపులా దిగాలి. 50 స్విచ్‌లకు అది హనుమకొండ గుట్టలా గుండ్రంగానే ఉంటుంది, నిటారుగా కావాలంటే 100కు పెంచు.

వచ్చిన బొమ్మను గ్రాఫు కాగితం మీద గీసి పోస్టులో పంపు. ఫోనులో పంపితే నా కళ్లకు గుట్ట కనిపించదు.